మాంట్‌గోమరీ బాలిక



అమెరికాదేశపు నల్లజాతివారు వర్ణవివక్షను ఎదిరించి సల్పిన పోరాటమును గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ కథ మిక్కిలి విశాలమైనది. అందొక్క పట్టణమును మాత్రమే చెప్పెదము.

అలబామా రాష్ట్రమందలి మాంట్‌గోమరీ పురమున బస్సుల ముందువరుసలు తెల్లవారివి. నల్లవారు ముందుద్వారమున రుసుము చెల్లించి, క్రిందికి దిగి, వెనుకద్వారమున ఎక్కవలసియుండెను. ఒక్కొకప్పుడు వారు వెనుకకు చేరులోపలనే బస్సు కదలిపోయెడిది. ఇంతకును బస్సెక్కువారిలో ముప్పాతికమంది నల్లవారే!

1955వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన కుట్టుపని చేసి జీవించు రోసా పార్క్స్ అను నామె తన చోటు విడువక నిర్బంధింపబడెను. జో ఆన్ రాబిన్సన్ అను కళాశాలాధ్యాపకురాలు రాత్రికి రాత్రియే వేలకొలది కరపత్రములు సిద్ధపఱచెను. డిసెంబరు 5 మొదలుకొని 381 దినములు జనులు బస్సెక్కరైరి. ఇండ్లలో పనిచేయు స్త్రీలు సయితము మైళ్లకొలది నడచిరి. నాయకత్వము వహించునాటికి మార్టిన్ లూథర్ కింగుగారికి 26 ఏండ్లు. మఱుసటి నెలలోనే వారి యింటిపై బాంబు పడెను.

ఇది లోకమెఱిగినదే. అంతకు తొమ్మిది నెలలు ముందే, మార్చి 2వ తేదీన, క్లాడెట్ కాల్విన్ అను పదునైదేండ్ల బాలిక బడినుండి మరలివచ్చుచు అట్లే లేవనని కూర్చుండెను. పోలీసులు సంకెళ్లు వేసి పెద్దల కారాగృహమునకు గొనిపోయిరి. ఆమెను ముందిడుకొని ఉద్యమము నడుపుదమా యని నల్లవారి పెద్దలు ఆలోచించి, మానుకొనిరి. చిన్నపిల్ల, పేదయింటిది. పిదప అవివాహితగనే గర్భవతి యయ్యెను. తన మేను మిక్కిలి నల్లనగుటయు నొక కారణమేయని తరువాతికాలమున ఆమెయే చెప్పినది. ఆ పెద్దలను నిందింప మాకు నోరు రాదు. పత్రికలును న్యాయస్థానములును ప్రతికూలములైనచోట అపవాదభీతి సహజము.

మాకే భీతియుండెనని ఈ సభలో ఒప్పుకొనవలసియున్నది. విద్యార్థివేతనముల ఉపసంఘమున మేము కూర్చున్న కాలమున ఒక బాలిక అర్జీని, ఆమె తల్లిని గూర్చిన లోకుల మాట విని ప్రక్కన బెట్టితిమి. మార్కులైనను చూడలేదు. ఆ కాగితము నేటికిని మా పెట్టెలో నున్నది.

ఇక బస్సులలోని వివక్షను రద్దుచేయించినది రోసా పార్క్స్ పేరిటి వ్యాజ్యము కాదు. 1956 ఫిబ్రవరిలో దాఖలై, నలుగురు స్త్రీల పేర తుదివఱకు నడచిన వేఱొక వ్యాజ్యము. వారిలో కాల్విన్ ఒకతె. ప్రక్కనబెట్టబడిన ఆ పిల్లయే, పసిబిడ్డ తల్లియై, పదునాఱేండ్ల ప్రాయమున ముగ్గురు న్యాయమూర్తుల యెదుట నిలిచి సాక్ష్యమిచ్చెను. జూనులో వారిచ్చిన తీర్పును నవంబరు 13వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము స్థిరపఱచెను. డిసెంబరు 21వ తేదీనుండి నల్లవారు తమకిష్టమైన చోట కూర్చుండిరి.

ఆ బాలికపై 1955లో వ్రాయబడిన నేరపు దాఖలాను న్యాయస్థానము 2021వ సంవత్సరమున కొట్టివేసెను. అప్పటికామెకు 82 ఏండ్లు.