జాన్ అబ్రహాం: జీతం నుంచి జోలె దాకా
(స్మారకోపన్యాస పాఠం)



సినీ దర్శకుడు జాన్ అబ్రహాం పేరెత్తితే చాలు, తాగుడు కథలూ తిరుగుడు కథలూ వరస కడతాయి. అవి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ఆయన డబ్బు లెక్క చెబుతాను. ఏ సినిమా ఎవరి సొమ్ముతో తీశారు, ఎవరికి చూపించారు అని ఆరా తీస్తే ఆయన నడిచిన దారి తేటపడుతుంది.

1937 ఆగస్టు 11న కేరళలో పుట్టారు. చదువయ్యాక ఎల్‌ఐసీ ఉద్యోగం, అదీ మన పొరుగునున్న బళ్లారిలో. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఆ కొలువు వదిలి పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడ గురువు ఋత్విక్ ఘటక్. బంగారు పతకంతో బయటికొచ్చి, మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’కి సహాయకుడిగా పనిచేశారు. అది సర్కారు వారి ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ సొమ్ముతో తయారైన సినిమా.

1972లో తొలి చిత్రం ‘విద్యార్థికళే ఇతిలే ఇతిలే’ తీశారు. పరిశ్రమలో పేరున్న నటులున్నా అది ఆయన్ను నిలబెట్టలేదు. అయిదేళ్లకు తమిళంలో ‘అగ్రహారత్తిల్ కళుదై’ వచ్చింది. తల్లిలేని గాడిదపిల్లను చేరదీసిన ప్రొఫెసర్ కథ అది. ఆ పాత్ర వేసింది నటుడు కాదు, చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది కానీ, జనంలోకి వెళ్లే దారి ఇరుకుగానే మిగిలింది. 1979లో కుట్టనాడు నేపథ్యంగా ‘చెరియాచంటె క్రూరకృత్యంగళ్’ తీశారు.

ఇక్కడే ఆయన మలుపు తిరిగారు. 1984లో కోళికోడ్‌లో మిత్రులతో కలిసి ‘ఒడెస్సా’ బృందం కట్టారు. ఐజెన్‌స్టీన్ ‘బాటిల్‌షిప్ పోటెంకిన్’లో మెట్ల మీద నెత్తురు పారిన ఊరు పేరే దానికి పెట్టుకున్నారు. ఊరూరా డప్పు కొట్టి, చాప్లిన్ ‘ది కిడ్’ లాంటి సినిమాలు వేసి చూపించి, జోలె పట్టారు. చేతికొచ్చిన చిల్లరతో 1986లో ‘అమ్మ అరియాన్’ పూర్తయింది. ఒక యువకుడి చావు కబురు తల్లికి చెప్పడానికి వయనాడు నుంచి కొచ్చి దాకా సాగే ప్రయాణం అది; దారి పొడవునా అతని మిత్రులు ఒక్కొక్కరే వచ్చి కలుస్తారు. కెమెరా వేణు, కూర్పు బీనా పాల్.

మరుసటి ఏడాది మే 31న, యాభై నిండకుండానే, మేడ మీంచి పడి కన్నుమూశారు. మిగిల్చినవి నాలుగు కథాచిత్రాలు.

ఒడెస్సా పద్ధతిని నేను ఆకాశానికెత్తను. చందాలతో సినిమా పూర్తవుతుందేమో గానీ, తీసినవాళ్ల ఇల్లు గడవదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. రూపాయి ఇచ్చిన మనిషి సినిమా చూడ్డానికి తప్పకుండా వస్తాడు. పెట్టుబడినీ ప్రేక్షకుణ్నీ జాన్ ఒకే గడపలో వెతికారు. ఇవాళ కెమెరా ప్రతి కుర్రాడి జేబులోనూ ఉంది; కరువల్లా ఆ గడపకే. కొత్త దర్శకులు మన దగ్గరికొచ్చినప్పుడు ఏ కెమెరాతో తీశావని కాదు, మొదటి ఆట ఏ ఊళ్లో వేస్తావని అడుగుదాం. ఆ ఊరికి తెర మోసుకెళ్లే పని మన ఫిల్మ్ సొసైటీలది.