అడవి గుర్రాన్ని దత్తత తీసుకోవాలంటే
(సాక్చిలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మన కుటుంబాలన్నీ తలా కొంత వేసుకుని ఒక జంతువును దత్తత తీసుకుందామని అనుకున్నాం. ఏ జంతువు కావాలని పిల్లల్ని అడిగితే ఎక్కువమంది గుర్రం అన్నారు. అదీ బండి లాగే గుర్రం కాదు, అడవి గుర్రం! జూలు ఎగరేసుకుంటూ మందలుగా పరిగెత్తే గుర్రాల ఫొటోలు సెల్‌ఫోన్లలో చూశారు కదా, మనసు అటు పోయింది. కోరిక మంచిదే. కాకపోతే డబ్బు కట్టే ముందు ఆ గుర్రం ఎక్కడుంది, దాన్ని ఎవరు ఎలా కాపాడుతున్నారు, దత్తత అన్న మాటకు అర్థమేమిటి అని విచారించుకోవాలి. అప్పు ఇచ్చే ముందు మనం ఇన్ని కాగితాలు చూస్తాం, ఇది మాత్రం చూడకుండా ఎలా సంతకం పెడతాం?

ముందుగా ఒక మాట. లోకంలో అడవి గుర్రాలని పిలిచేవాటిలో చాలావరకు ఒకప్పుడు మనుషుల దగ్గర ఉన్నవాటి సంతానమే. తప్పిపోయినవో, వదిలేసినవో అడవిలో, గడ్డిమైదానాల్లో పిల్లల్ని పెట్టి, తరతరాలుగా మనిషి చేయి ఎరగకుండా పెరిగాయి. అమెరికాలోని మస్టాంగ్‌లు అలాంటివే. వాటికి భిన్నమైనది మంగోలియాలోని తఖి. పొట్టిగా, లేత గోధుమ రంగులో, నిటారుగా నిలబడే కురచ జూలుతో ఉంటుంది. 1960లు ముగిసేసరికి అది తన సొంత నేల మీద కనిపించకుండా పోయింది. ఐరోపా జంతు ప్రదర్శనశాలల్లో మిగిలిన కొద్దిపాటి గుర్రాల సంతానాన్ని పెంచి, 1992 నుంచి మళ్ళీ మంగోలియాకు చేర్చారు. జూ అంటే పిల్లల్ని తిప్పుకొచ్చే చోటు మాత్రమే కాదని ఈ ఒక్క కథ చెబుతుంది.

మన దేశంలో ఇలా స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు చూడాలంటే అస్సాం వెళ్ళాలి. తిన్‌సుకియా దగ్గర బ్రహ్మపుత్ర, లోహిత్, దిబ్రు నదుల నడుమ దిబ్రు-సైఖోవా జాతీయ ఉద్యానం ఉంది. 1999లో జాతీయ ఉద్యానమైంది, విస్తీర్ణం 340 చదరపు కిలోమీటర్లు. నదుల మధ్య ఇసుక మేటలు వేసి ఏర్పడ్డ గడ్డి లంకలను అక్కడ చాపొరి అంటారు. మన గోదావరి లంకలే గుర్తుకొస్తాయి. ఆ లంకల్లో గుర్రాలు మేస్తుంటాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం వదిలి వెళ్ళిన గుర్రాల సంతానమని అక్కడివాళ్ళు చెబుతారు.

ఆ గుర్రాలకు రెండు కష్టాలు 2020లోనే వచ్చాయి. మే 27న ఉద్యానం పక్కనే బాఘ్‌జాన్‌లో గ్యాసు బావి పేలింది. జూన్ 9న మంటలంటుకున్నాయి. నవంబరు దాకా అదుపులోకి రాలేదు. అదే ఏడాది కొన్ని గుర్రాలను ఎవరో పట్టి బయటికి తరలించారు. అటవీ శాఖవారు కచార్ జిల్లాలో వాటిని స్వాధీనం చేసుకున్నారు.

ఇక్కడ చట్టం సంగతి తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఏ జంతువుకు ఎంత రక్షణో చెప్పే షెడ్యూళ్ళున్నాయి. పులి ఉంది, ఏనుగు ఉంది. గుర్రం పేరు లేదు, ఎందుకంటే గుర్రం చట్టం దృష్టిలో పెంపుడు జంతువు. మరి లంకల్లో తిరిగే ఈ గుర్రానికి ఆసరా ఏమిటి? ఆ నేలే. జాతీయ ఉద్యానం లోపల గడ్డిపోచ నుంచి జంతువు దాకా ఏదీ అనుమతి లేకుండా తరలించడానికి వీల్లేదు. తన పేరు మీద లేని హక్కు, తను నిలబడ్డ నేల వల్ల దానికి దక్కుతోంది. ఆ నేల కోసుకుపోతే, చెడిపోతే, గుర్రానికి వేరే దిక్కు లేదు.

నేలను కాపాడితే ఏమవుతుందో చూడాలంటే గుజరాత్‌లోని చిన్న రణ్ వైపు వెళ్దాం. అక్కడుండేది గుర్రం కాదు, దాని దగ్గరి చుట్టం అడవి గాడిద. అక్కడివాళ్ళు ఘుడ్‌ఖర్ అంటారు. మనం గాడిద అనగానే బట్టల మూటలు మోసేదాన్ని తలుచుకుంటాం కానీ, ఇది దౌడు తీస్తే గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. 1960లలో రోగాలు సోకి దీని సంఖ్య కొన్ని వందలకు పడిపోయింది. దాదాపు ఐదు వేల చదరపు కిలోమీటర్ల ఉప్పునేలను అభయారణ్యం చేసి, షెడ్యూల్ 1 రక్షణ ఇచ్చారు. 2024 లెక్కల్లో 7,672 తేలాయి. ఏ ఒక్కదాన్నీ ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. ఉన్నచోట ఉండనిచ్చారు, అంతే. సంఖ్య పెరిగాక రాత్రిళ్ళు రైతుల చేలల్లో పడుతున్నాయి, ఆ తగువూ ఉంది. కాపాడటం ఒక రోజుతో అయిపోయే పని కాదు.

ఇక ఫొటోల సంగతి. మనలో కెమెరాలు కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎల్.టి.సి. మీద వెళ్ళి తీసుకొచ్చిన ఫొటోలు మన పత్రికలోనూ చూస్తున్నాం. గుర్రాల జాతి జంతువులను ఫొటో తీసేటప్పుడు వాటి చెవులు చూడండి. తల దించుకుని మేస్తున్నంతసేపు మీరు దానికి అడ్డు కాదు. మేత ఆపి తలెత్తి, చెవులు మీ వైపు నిక్కబొడిచిందంటే మిమ్మల్ని గమనించింది, అక్కడే ఆగాలి. చెవులు వెనక్కి అణిచిందంటే కోపం వచ్చింది, వెనక్కి రావాలి. పరిగెత్తే ఫొటో కావాలని జీపుతో వెంట తరిమేవాళ్ళున్నారు. ఎండలో అలా తరిమితే కొత్తగా పుట్టిన పిల్ల తల్లికి దూరమవుతుంది. ఆ ఫొటో ఎంత బాగున్నా మన పత్రికలో వేయవద్దని సంపాదకులకు నా మనవి. ఇంకొకటి: దొంగలు తిరిగే చోట మంద ఎక్కడుందో ఫొటోతో పాటు చిరునామా పెట్టకండి. ఖాతాదారు వివరాలు బయట పెట్టం కదా, ఇదీ అంతే.

అయితే ఫొటో మేలు కూడా చేస్తుంది. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ ఉండేది. బీమా వ్యాపారి ఆఫీసులో సెక్రటరీ, అంటే మనలాగే ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. 1950లో ఒక రోజు ఆఫీసుకు వెళ్తుంటే ముందు పోతున్న లారీ నుంచి రక్తం కారుతోంది. వెంట వెళ్ళి చూస్తే లోపల అడవి గుర్రాలు, కబేళాకు పోతున్నాయి. విమానాలతో బెదిరించి, ట్రక్కులతో తరిమి పట్టినవవి. ఆవిడ ఊరుకోలేదు. సమాచారం సేకరించింది, ఉత్తరాలు రాసింది, బడిపిల్లల చేత రాయించింది. గస్ బండీ అనే ఆయన ఆ వేటను తీసిన ఫొటోలు ఆవిడ వాదానికి సాక్ష్యమయ్యాయి. 1959లో మోటారు వాహనాలతో తరమడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1971లో అడవి గుర్రాలకే పూర్తి రక్షణ చట్టం వచ్చింది. వెక్కిరింతగా పెట్టిన ‘వైల్డ్ హార్స్ ఆనీ’ అన్న పేరే ఆవిడకు గౌరవమై నిలిచింది.

పిల్లలు అడిగిన దత్తత ఆ దేశంలో నిజంగానే ఉంది. అక్కడ మంద నేల భరించలేనంత పెరిగిందనుకుంటే ప్రభుత్వం కొన్నిటిని పట్టి, కావలసినవాళ్ళకు దత్తతకు ఇస్తుంది. ఏడాదిపాటు బాగా చూసుకున్నారని తేలాకే యాజమాన్యం వాళ్ళ పేరు మీదికి మారుస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు నెవాడా వైపు వెళ్ళినప్పుడు వీటిని చూసే ఉంటారు.

కానీ దత్తతకు వచ్చేవాళ్ళకంటే పట్టిన గుర్రాలే ఎక్కువయ్యాయి. 60 వేలకు పైగా గుర్రాలు, గాడిదలు ప్రభుత్వ ఖర్చు మీద దొడ్లలో, అద్దెకు తీసుకున్న పచ్చికల్లో ఉండిపోయాయి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని మన సామెత. ఖర్చు తగ్గించుకోవడానికి 2019లో, దత్తత తీసుకున్నవాళ్ళకు గుర్రానికి వెయ్యి డాలర్లు ఎదురిస్తామన్నారు. కొందరు డబ్బు పుచ్చుకుని, ఏడాది కాగానే గుర్రాలను వేలానికి పంపారనీ, అక్కడి నుంచి అవి కబేళా దారి పట్టాయనీ 2021లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. సబ్సిడీ కోసం గేదెను కొని మర్నాడే అమ్మేసిన కథలు బ్యాంకులో పనిచేసిన మనకు చెప్పాలా? తనిఖీ లేని చోట ఏ మంచి పథకమైనా అటే పోతుంది.

అందువల్ల నా అభిప్రాయం చెబుతాను. అడవిలో ఉన్నదాన్ని ఉన్నచోటే ఉండనిస్తేనే మనం దాన్ని దత్తత తీసుకున్నట్టు. ఇక్కడి నుంచి దల్మా కొండ ఎంత దూరం? అక్కడి ఏనుగులు వరి పండే కాలంలో బెంగాల్ వైపు నడుస్తాయి. ఒక ఏనుగును తెచ్చి మన క్వార్టర్స్ ముందు కట్టేసి అరటిపళ్ళు పెడితే కాపాడినట్టు కాదు. దాని దారి మూసుకుపోకుండా చూస్తే కాపాడినట్టు. గుర్రానికైనా అదే లెక్క.

మరి మనం పోగు చేసిన డబ్బు ఏం చేద్దాం? మన దేశంలో జంతు ప్రదర్శనశాలలు ఇచ్చే దత్తత వేరు. జంతువు ఇంటికి రాదు, యాజమాన్యం మారదు. నెలకో, ఏడాదికో దాని మేత ఖర్చు మనం భరిస్తాం. హైదరాబాదు నెహ్రూ జూలో, విశాఖ ఇందిరాగాంధీ జూలో ఈ పథకాలున్నాయి. హైదరాబాదులో స్టేట్ బ్యాంకు పులులను దత్తత తీసుకున్న వార్త మీరు చదివే ఉంటారు. మనకైతే జూబిలీ పార్కులోని జూ నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. కట్టే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. డబ్బు మేతకే వెళ్తుందా, సాధారణ నిధిలో కలుస్తుందా? పన్ను మినహాయింపు రసీదు ఇస్తారా? గడువు తీరాక ఆ జంతువు ఖర్చు ఎవరు చూస్తారు? మూడో ప్రశ్న ముఖ్యం. ఒక్క ఏడాది ఫొటో దిగి వదిలేసేకంటే, చిన్న జంతువును తీసుకుని ఐదేళ్ళు కొనసాగించడం మేలు.

గుర్రమే కావాలని పట్టుబట్టిన పిల్లలకు ఇంకో మాట. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని కొండ ఊళ్ళకు ఇప్పటికీ గుర్రాల మీదే సరుకులు వెళ్తాయి. మన ఊళ్ళో పెళ్ళిళ్ళ కాలం వస్తే బరాత్‌లో పెళ్ళికొడుకును మోసేది గుర్రమే. బ్యాండు, టపాసులు, జనరేటర్ దీపాల మధ్య గంటల తరబడి నిలబడుతుంది. దాని కాళ్ళ దగ్గర టపాసులు కాల్చొద్దని చెప్పగలిగినవాళ్ళు మనమే, ఎందుకంటే ఆ పెళ్ళి మన ఇంట్లోదే. ఒక బకెట్ నీళ్ళు దాని ముందు పెట్టించండి. ఆ దత్తతకు రసీదు ఉండదు, ఖర్చూ ఉండదు.

బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. జూలో ఏ జంతువు, ఎన్నేళ్ళు అన్నది మీరు రాసి వెళ్ళండి. పిల్లలు కూడా రాయవచ్చు, వాళ్ళ ఓటుకు సమాన విలువ ఉంటుంది. నెలాఖరుకు లెక్క చూసి, జూవారితో మాట్లాడి, వాళ్ళు చెప్పిన జవాబులు వచ్చే సంచికలో మీ ముందు పెడతాం.