డేటాబేస్‌లో దోషం ఎక్కడుంది? – క్వెరీలు, రూల్స్, సొంత టైపులు

టేబుళ్ళు తయారుచేయడం, సెలెక్ట్ వాక్యంతో వాటి నుంచి సమాచారం రాబట్టడం మీకు తెలుసు. తప్పు సమాధానం వచ్చినప్పుడు కారణాన్ని ఎలా వెతకాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

డేటాబేస్ పనిలో తప్పులు రెండు రకాలు. టేబుల్ పేరు తప్పుగా రాస్తే కంప్యూటర్ ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. రెండో రకంలో ఎర్రర్ ఏదీ రాదు. పని పూర్తయినట్లే కనిపిస్తుంది, సమాధానం మాత్రం తప్పు. ఆ తప్పు జాబితా అచ్చయి నోటీసు బోర్డు ఎక్కితే, నష్టపోయేది అందులో పేరు లేని విద్యార్థి. ఈ రెండో రకం తప్పును పట్టుకోవడానికి ఒకే ప్రశ్న వేసుకోవాలి: మనం రాసినదాన్ని డేటాబేస్ ఏమని అర్థం చేసుకుంది?

రిలేషనల్ డేటాబేస్ భావనను ఐబిఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు మొదలైంది. వాడేవారు తమకు కావలసిన టైపులను తామే నిర్వచించుకోవడం, డేటాబేస్‌లోనే రూల్స్ రాసుకోవడం దాని లక్ష్యాలలో ముఖ్యమైనవి. 1996 నుంచి అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే పేరుతో కొనసాగుతోంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు కనుక మన ఉదాహరణలన్నీ అందులోవే.

1. ఖాళీగా వచ్చిన జాబితా

ఒక కళాశాలలో 1 నుంచి 5 వరకు రోల్ నంబర్లు గల ఐదుగురు విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఉపకార వేతనం చెల్లించిన వివరాలు వేరొక టేబుల్‌లో ఉన్నాయి. అందులో మూడు వరుసలు: ఒకటి 1వ నంబరుకు, ఒకటి 3వ నంబరుకు, మూడో వరుసలో రోల్ నంబర్ నింపలేదు. ఇంకా వేతనం అందనివారెవరో తెలుసుకోవడానికి, చెల్లింపుల జాబితాలో లేని రోల్ నంబర్లను నాట్ ఇన్ ద్వారా అడిగాం. 2, 4, 5 రావాలి. ఒక్కటీ రాలేదు. గుమాస్తా దాన్ని చూసి అందరికీ డబ్బు అందిందనుకుంటాడు.

ఇలా ఎందుకు జరిగింది? నింపని గడిలో ఉండేది నల్. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమూ కాదు. విలువ తెలియదని అర్థం. 2వ నంబరు జాబితాలో లేదని చెప్పాలంటే అది 1కి సమానం కాదు, 3కి సమానం కాదు, నల్‌కూ సమానం కాదు అని మూడూ రుజువు కావాలి. తెలియని విలువకు 2 సమానమో కాదో ఎలా చెప్పగలం? కాబట్టి మొత్తం జవాబు ‘తెలియదు’ అవుతుంది. వేర్ షరతు ‘నిజం’ అని తేలిన వరుసలనే ఉంచుతుంది. ‘తెలియదు’ అన్న వరుసలను కూడా వదిలేస్తుంది.

నాట్ ఇన్ బదులు నాట్ ఎగ్జిస్ట్స్ వాడి, ఆ రోల్ నంబరుతో చెల్లింపు వరుస ఉందా లేదా అని అడిగితే 2, 4, 5 వస్తాయి. అంతటితో సమస్య తీరిందా? తీరలేదు. నంబరు లేని మూడో చెల్లింపు ఎవరిది? అది 4వ నంబరుదే అయితే ఆ విద్యార్థికి రెండుసార్లు డబ్బు వెళుతుంది. అందువల్ల క్వెరీ సరిదిద్దాక అసలు రిజిస్టరు తెరిచి ఆ గడి నింపాలి. తరువాత ఆ కాలమ్‌కు నాట్ నల్ అనే నిబంధన పెట్టాలి.

2. రెండు చోట్ల రెండు నంబర్లు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో రూల్ అంటే జరిగిన పనిని చూసి స్పందించేది కాదు. మనం పంపిన క్వెరీని అమలుకు ముందే తిరగరాసేది. ఈ సంగతి మరిస్తే చిక్కు వస్తుంది.

రసీదుల టేబుల్‌లో కొత్త వరుస చేరినప్పుడల్లా, దాని నంబరు లెడ్జరు టేబుల్‌లో కూడా చేరాలని ఒక రూల్ రాశాం. రసీదు నంబరును సీక్వెన్స్ నుంచి నెక్స్ట్‌వాల్ అనే ఫంక్షన్ ఇస్తుంది. మొదటి రసీదు చేర్చి చూస్తే రసీదులో 1, లెడ్జరులో 2 కనిపిస్తాయి! రూల్‌లో కొత్త వరుస నంబరు అని రాసిన చోట డేటాబేస్ 1 అనే విలువను పెట్టలేదు. నెక్స్ట్‌వాల్ అనే మాటనే పెట్టింది. ఫంక్షన్ రెండుసార్లు నడిచింది, రెండు నంబర్లు ఇచ్చింది. ఇలాంటి పనికి ట్రిగ్గర్ వాడాలి. వరుస చేరిన తరువాత నడిచే ట్రిగ్గర్‌కు అప్పటికే స్థిరపడిన విలువ అందుతుంది.

ఒక టేబుల్‌పై ఏ రూల్స్ ఉన్నాయో పీజీ_రూల్స్ అనే వ్యూలో చూడవచ్చు. వాక్యం ముందు ఎక్స్‌ప్లెయిన్ అని చేర్చితే దాన్ని అమలు చేయకుండా ప్రణాళికను మాత్రమే చూపిస్తుంది. మనం ఒక్క ఇన్‌సర్ట్ పంపినా అక్కడ రెండు ప్రణాళికలు కనబడితే, మధ్యలో రూల్ ఉన్నట్లే. జాగ్రత్త: ఎక్స్‌ప్లెయిన్ తరువాత ఎనలైజ్ అని కూడా రాస్తే వాక్యం నిజంగానే అమలవుతుంది.

3. టైపులు చెప్పని సంగతులు

హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040. దాన్ని ఇంటీజర్‌గా దాచితే 40 మిగులుతుంది. అంకెలతో రాసినంత మాత్రాన అది సంఖ్య కాదు. దానితో కూడికలు, తీసివేతలు చేయం కనుక టెక్స్ట్‌గా ఉంచాలి. ఇందుకు విరుద్ధంగా, మార్కులను టెక్స్ట్‌గా దాచితే ఆరోహణ క్రమంలో 9 కంటే ముందు 10 వస్తుంది.

సొంత టైపు చేసుకుంటే ఇలాంటివి తగ్గుతాయి. 0 నుంచి 100 వరకే అనుమతించే ‘మార్కులు’ అనే డొమైన్ నిర్మించాం. 105 వేస్తే ఎర్రర్ వస్తుంది. నల్ వేస్తే మాత్రం ఊరుకుంటుంది. ఎందుకంటే చెక్ నిబంధన ‘అబద్ధం’ అని తేలినదాన్నే ఆపుతుంది. ‘తెలియదు’ అన్నదాన్ని రానిస్తుంది. వేర్ వద్ద తెలియనిది బయటకు పోతుంది, చెక్ వద్ద తెలియనిది లోపలికి వస్తుంది. ఈ తేడా గుర్తుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

అలాగే ఈనమ్ టైపులో విలువల క్రమం అక్షరక్రమం కాదు. మనం ప్రకటించిన క్రమం. ప్రథమ, ద్వితీయ, తృతీయ శ్రేణులు ప్రకటించి, తరువాత ‘విశిష్ట’ శ్రేణిని ఊరికే చేర్చితే అది చివరన చేరుతుంది. ‘ప్రథమ’కు ముందు ఉంచమని బిఫోర్ అనే మాటతో చెప్పాలి.

4. వెతికే పద్ధతి

మొదట సమస్యను చిన్నది చేయండి. వేల వరుసలు వదిలి, జవాబు చేత్తో లెక్కకట్టగల ఐదు వరుసలతో పరీక్షించండి. తరువాత షరతులను ఒక్కొక్కటే తీసివేస్తూ, ఏ షరతు దగ్గర వరుసల సంఖ్య అనుకున్నదానికి భిన్నంగా మారిందో గమనించండి. ప్రతి కాలమ్‌లో నల్ ఎన్ని ఉన్నాయో లెక్కించండి. టైపులను, రూల్స్‌ను, ట్రిగ్గర్లను చూడండి. మార్చే వాక్యాలను బిగిన్‌తో మొదలుపెట్టి, ఫలితం చూసి, అనుమానముంటే రోల్‌బ్యాక్ చేయండి. అయితే సీక్వెన్స్ ఇచ్చిన నంబరు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రాదని గుర్తుంచుకోండి.

ఈ పాఠానికి అభ్యాసం: పైన చెప్పిన రెండు టేబుళ్ళు మీరే తయారుచేసి, నాట్ ఇన్, నాట్ ఎగ్జిస్ట్స్ రెండింటితోనూ జవాబు రాబట్టండి. కంప్యూటర్ అందుబాటులో లేనివారు కాగితంపై ప్రతి వరుసకు నిజం, అబద్ధం, తెలియదు అని రాసి చూడండి. జవాబు ముందుగా మీ చేతిలో ఉంటేనే, డేటాబేస్ ఇచ్చినది సరైనదో కాదో మీరు చెప్పగలుగుతారు.