తాళం ఒక్కటే కాదు, తలుపూ చూడండి

ప్రియమైన యువ డాక్టర్లారా,

మొదటి ఏడాదిలో మీకు ఒక బొమ్మ గీసి చూపించాం. నాడీకణం చివర సెరటోనిన్ విడుదలవుతుంది. సుమారు 20 నానోమీటర్ల సందు దాటి, అవతలి కణం మీది రిసెప్టర్‌లో తాళంచెవిలా ఇముడుతుంది. బొమ్మ తప్పు కాదు. కానీ ఆ తాళం బిగించి ఉన్న తలుపు గురించి మేం చెప్పింది చాలా తక్కువ. రెండు గీతలు గీసి, పక్కన ‘పొర’ అని రాసి ముందుకు వెళ్లిపోయాం.

ఆ పొర మందం దాదాపు 5 నానోమీటర్లు. కొవ్వు అణువులు రెండు వరసలుగా పేరిన ద్రవం అది. చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. నూనెలోని కొవ్వు గొలుసులు వంకర తిరిగి ఉండి, ఒకదాన్నొకటి అంటుకుని సర్దుకోలేవు. నాడీకణపు పొర ఎంత జారుగా ఉంటుందన్నదీ ఇలాంటి వంపుల మీద, కొలెస్టరాల్ పాలు మీద ఆధారపడుతుంది. రిసెప్టర్ ఆ ద్రవంలో మునిగి ఉన్న ప్రోటీన్. చుట్టూ ఉన్న కొవ్వు బిగిసినా సడలినా దాని పనితీరు మారవచ్చు.

ఇక్కడే నాకు అత్యంత ఆసక్తి కలిగించే సంగతి ఉంది. నాడీకణాలు విడుదల చేసే మరో రసాయనం గ్లుటమేట్ ఎక్కువగా నీటినే అంటిపెట్టుకుంటుంది. సెరటోనిన్ అలా కాదు, నేరుగా కొవ్వు పొరలోకే చేరుతుంది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) శాస్త్రవేత్తలు జర్మనీ సహచరులతో కలిసి 2021లో ప్రచురించిన పని ప్రకారం, అలా చేరిన సెరటోనిన్ రిసెప్టర్‌తో నిమిత్తం లేకుండానే పొరను మెత్తబరుస్తుంది. డిప్రెషన్ మందుల లెక్క దీంతో తారుమారైందని మాత్రం అనుకోకండి. ప్రయోగశాలలోని పొర నుంచి మనిషి మెదడు దాకా చాలా దూరం ఉంది.

పొరలో కొవ్వు రెండు వరసలని శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ తేల్చింది 1925లో. వాళ్ల కొలతల్లో రెండు తప్పులు ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయి, జవాబు నిజమైంది! అదే ఏడాది హార్వర్డ్‌లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, సహచరుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను నీలం రంగు సాయంతో కొలిచే పద్ధతి ప్రకటించారు. మద్రాసులో ఆయనకు ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు, ఎల్ఎంఎస్ మాత్రమే ఇచ్చారు. పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించడానికి తర్వాతి తరాలు వాడుకున్నది ఆయన చూపిన ఆ నీలం రంగు పరీక్షనే.

ఆయనకు అందని పట్టా ఇవాళ మీ చేతిలో ఉంది. మీలో కొందరైనా ప్రాక్టీసుతో ఆగకుండా ప్రయోగశాలకు రండి. ఈ పొర దగ్గర చేయాల్సిన పని ఎంతో మిగిలి ఉంది.