మట్టి క్రింద పూసే పువ్వు

ఇంటి పనులలో ఉన్నవారు, ప్రయాణములో ఉన్నవారు, ముఖ్యముగా లేవలేని స్థితిలో మంచముమీద నుండి ఈ మాటలు వింటున్నవారు, ఈ కొద్ది నిమిషాలు నాతో కలిసి వాక్యమును ధ్యానించండి.

మత్తయి సువార్త 6వ అధ్యాయము 28వ వచనములో ప్రభువు తన శిష్యుల దృష్టిని అడవి పువ్వుల వైపు త్రిప్పాడు. ఏ పనీ చేయలేని ఆ పువ్వులకు సొలొమోను రాజుకు కూడా లేని అందాన్ని దేవుడు ఇచ్చాడని చెప్పాడు. వాటిని బాగా గమనించమన్నాడు. ఆ మాట ప్రకారమే ఈ రోజు మనం ఒక పువ్వును గమనిద్దాం. అయితే ఇది మనుష్యుల కంటికి దాదాపు కనిపించని పువ్వు.

ఆస్ట్రేలియా దేశపు పశ్చిమ భాగంలో పెర్త్ అనే నగరం ఉంది. దానికి తూర్పుగా సుమారు 230 కిలోమీటర్ల దూరంలో కారిగిన్ అనే చిన్న ఊరు. చుట్టూ గోధుమ పొలాలు. 1928లో అక్కడ జాక్ ట్రాట్ అనే ఆయన నేలలో ఒక పగులు చూశాడు. వంగితే తియ్యని సువాసన వచ్చింది. మట్టి తీసి చూస్తే లోపల పువ్వు! అది ఆర్కిడ్ జాతి మొక్క. శాస్త్రజ్ఞులు దానికి రైజాంథెల్లా గార్డ్‌నెరి అని పేరు పెట్టారు. రైజాంథెల్లా అనే మాటలో వేరు, పువ్వు అని అర్థమిచ్చే రెండు గ్రీకు మాటలున్నాయి.

ఆర్కిడ్లు మనకూ తెలుసు. మన తూర్పు కనుమలలో చెట్ల కొమ్మలను పట్టుకొని పెరిగేవి చాలా ఉన్నాయి. ఈ మొక్క మాత్రం బ్రతుకంతా మట్టి క్రిందనే గడుపుతుంది. దీనికి ఆకు లేదు, పచ్చదనం లేదు. మే నుండి జూలై వరకు అక్కడి చలికాలంలో పూస్తుంది. లేత రంగు రేకుల గిన్నెలో పదుల కొద్దీ చిన్న చిన్న ముదురు ఎరుపు పువ్వులు వరుసలుగా అమరి ఉంటాయి. పైన ఆకులూ మట్టీ కప్పి ఉంటాయి. చెదపురుగుల వంటి చిన్న ప్రాణులే వాటి దగ్గరకు వస్తాయి.

మరి ఆకులు లేని మొక్కకు ఆహారం ఎక్కడిది? అక్కడ మెలల్యూకా అనే పొద పెరుగుతుంది. ఆ పొద ఎండలో నిలబడి తన ఆకులతో ఆహారం తయారు చేసుకుంటుంది. దాని వేళ్లను ఆనుకొని మట్టిలో ఒక శిలీంధ్రం, అంటే బూజు వంటి జీవి ఉంటుంది. ఆ శిలీంధ్రం పొద దగ్గర తీసుకొన్న ఆహారాన్ని ఆర్కిడ్‌కు అందిస్తుంది. పొద ఆకులకు గుర్తు పెట్టిన కర్బనాన్ని అందించి చూసిన శాస్త్రజ్ఞులకు అదే కర్బనం తరువాత ఆర్కిడ్‌లో కనిపించింది. ఈ సంగతి 2010లో ప్రచురించారు. తెలిసినంతలో ఈ మొక్క పుచ్చుకొనేదే గాని తిరిగి ఇచ్చేది కాదు.

ప్రియులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. పుచ్చుకోవడమే గాని ఇవ్వలేని స్థితి ఎంత బాధాకరమో మీలో కొందరికి తెలుసు. పక్షవాతంతో పడిపోయిన తండ్రి, ఒక ముద్ద తినాలన్నా కోడలి చేయి కావాలి. చూపు పోయిన తల్లి, గుమ్మం దాటాలన్నా మనవడి భుజం కావాలి. "నేను అందరికీ భారమైపోయాను, దేవుడు నన్నెందుకు ఇంకా ఉంచాడు?" అని రాత్రివేళ తలగడ తడుపుకొనేవారు ఎందరో! అమ్మా, అయ్యా, వినండి. సూర్యకాంతి చూడని మొక్కకు పువ్వునూ సువాసననూ ఇచ్చిన దేవుడు మీ విలువను మీ పనితో కొలవడు. రహస్యమందు చూచు తండ్రి ఆయన.

మార్కు సువార్త 2వ అధ్యాయములో పక్షవాయువు గలవాడు ఏమి చేశాడు? ఏమీ చేయలేదు. నలుగురు మోసుకొని వచ్చారు, ఇంటికప్పు విప్పి దించారు. ప్రభువు వారి విశ్వాసము చూచి, మోయబడినవానిని కుమారుడా అని పిలిచాడు. మోయబడినందుకు అతనిని చిన్నచూపు చూడలేదు.

ఇక మోయగలిగిన మనకు ఒక హెచ్చరిక. గోధుమ సాగు కోసం ఆ ప్రాంతంలో పొదలను చాలావరకు నరికివేశారు. ఆర్కిడ్‌ను చంపాలని ఎవరూ అనుకోలేదు, అది అక్కడ ఉన్నదనే చాలామందికి తెలియదు. కానీ పొద పోతే శిలీంధ్రానికి ఆధారం పోతుంది, దానితో పువ్వూ పోతుంది. వానలు లేక పొద ఎండినా అంతే. తెలిసిన మొక్కలు 50 కంటే తక్కువే ఉన్నాయని 2011లో శాస్త్రజ్ఞులు చెప్పారు. దక్షిణ తీరం వైపు దొరికిన మొక్కలను 2018లో వేరే జాతిగా గుర్తించారు. కాబట్టి ఈ పువ్వుకు మిగిలింది ఆ గోధుమ సీమలోని కొద్దిపాటి చోటే. దానిని వేరేచోట పెంచాలంటే విత్తనం ఒక్కటి చాలదు. ఆ పొదా కావాలి, ఆ శిలీంధ్రమూ కావాలి.

మన సంఘాలలోనూ ఇదే జరుగుతుంది. మంచం పట్టిన విశ్వాసిని ఎవరూ వెలివేయరు. ఇంటికి వెళ్లి ప్రార్థించేవారు తగ్గుతారు, ప్రభువు బల్ల అందించడం వాయిదా పడుతుంది, పట్టికలో పేరు మాత్రం మిగులుతుంది. రాత్రింబగళ్లు సేవ చేసే కోడలిని, కుమార్తెను "నీవెలా ఉన్నావమ్మా?" అని అడిగేవారు ఉండరు. ఆమె కూడా ఎండిపోతే ఆ ఇద్దరి గతి ఏమిటి? బలహీనమైన అవయవాలే శరీరమునకు మరి అవసరమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. కాబట్టి ఈ వారం ఒక్క ఇంటికైనా వెళ్లండి. ఒక పూట మీరు ఆ మంచం దగ్గర కూర్చొని, సేవ చేసే ఆ సహోదరికి విశ్రాంతి ఇవ్వండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకపు తండ్రీ, మట్టి క్రింద పువ్వును దాచి పోషించిన నీకు స్తోత్రములు. తాము భారమనుకొని కుమిలిపోతున్న నీ బిడ్డలను ఆదరించుము. వారిని మోయుచున్నవారికి బలమునిమ్ము. మమ్మును వారి యొద్దకు పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.