పిలకాయల చేతికి స్క్రీన్‌ప్లే



హైస్కూలు పిలకాయలకు స్క్రీన్‌ప్లే రాయడం నేర్పించాలా అని వడమాలపేటలో తెలుగు అయ్యవార్లు, రచయితలు కలిసి కూర్చోవడం కొందరికి వింతగా ఉంటుంది. ఉన్న సినిమా పిచ్చి చాలదా అనుకునేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. తడుకు, పూడి స్టేషన్ల మీదుగా పోయే రైలెక్కి మద్రాసు చేరి, స్టూడియో గేట్ల ముందు వయసంతా పోగొట్టుకున్నవాళ్లను చూసిన సీమ మనది. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పిల్లల్ని సినిమాల్లోకి పంపమని నేను అడగడం లేదు. కంటికి కనబడిందీ చెవిన పడిందీ కాగితం మీద పెట్టడం నేర్పమంటున్నాను, అంతే.

మన పరీక్షల్లో సృజనాత్మకత కింద సంభాషణ రాయమంటాం. ఆ పేపర్లు దిద్దినవాళ్లకు జవాబు ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇద్దరు స్నేహితులు కలుస్తారు. ఒకడు చెట్ల గురించి అడుగుతాడు, రెండోవాడు వ్యాసం అప్పజెబుతాడు. వాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఎవరి చేతిలో ఏముందో, మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చారో ఒక్క ముక్క ఉండదు. మనం అడగలేదు, వాళ్లు రాయలేదు.

2014 నాటి పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో సినిమా, నాటకరంగాల మీద ఒక యూనిట్టే పెట్టారు. అందులో సత్యజిత్ రాయ్ గురించి, 'మాయాబజార్' గురించి, సావిత్రి గురించి పాఠాలుండేవి. ఎన్.సి.ఇ.ఆర్.టి. వాళ్లు హిందీ పిల్లల కోసం వేసిన 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్'లో పట్కథ, అంటే స్క్రీన్‌ప్లే, రాయడం మీద ఒక అధ్యాయమే ఉంది. మాయాబజార్‌ను ఇంగ్లీషు పీరియడ్‌లో చదివిన మన పిల్లవాడు తెలుగు పీరియడ్‌లో మాత్రం ఒక్క సీను రాయలేదు. దీన్ని మించిన విడ్డూరం నాకు కనబడలేదు.

ఆ మాయాబజార్‌నే తీసుకోండి. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమా కథ భారతంలోని వాళ్లదే, కానీ పాండవులు ఒక్క సీన్లోనూ కనబడరు. తొమ్మిదో తరగతిలో ఈ ప్రశ్న వేసి చూడండి: ధర్మరాజు ఎప్పుడొస్తాడు? పిల్లలు తల గోక్కుంటారు. చూసినన్నిసార్లూ ఆ లోటు ఎవరికీ తట్టదు. ఎవర్ని చూపించాలన్నదానికంటే ఎవర్ని చూపించకపోయినా కథ నడుస్తుందన్నది పెద్ద పాఠం. మన వ్యాసరచనలో దానికి చోటే లేదు, అక్కడ అన్నీ రాసినవాడికే మార్కులు. కె.వి. రెడ్డి షూటింగుకు ముందే స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ సీను ఎంతసేపో తేల్చుకునేవారని చెబుతారు. తరగతిలో గోడ గడియారం చాలు. ఒకడు పైకి చదువుతుంటే ఇంకొకడు సెకన్లు లెక్కపెడితే, అక్కర్లేని మాట ఏదో రాసినవాడికే తెలిసిపోతుంది.

ఇక మన భారతం. ఈ చుట్టుపక్కల ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకంగా రోజుల తరబడి భారతం జరుగుతుంది. అర్జునుడి తపస్సు రోజున వేషగాడు పద్యం పాడుకుంటూ ఒక్కో మెట్టే తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. దుర్యోధన వధకు మట్టితో పొడుగాటి విగ్రహం చేసి నేల మీద పడుకోబెడతారు. భీముడు తొడ మీద కొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. కొన ఏమవుతుందో అందరికీ తెలుసు, అయినా ఒక్కరూ లేచి పోరు. ఎందుకు పోరు? వేషగాడు మానెక్కడానికి అంతసేపు ఎందుకు తీసుకుంటాడు? భీముడు ఒక్క దెబ్బతో ఎందుకు ముగించడు? ఈ ప్రశ్నలకు పిల్లలు చెప్పే జవాబులే స్క్రీన్‌ప్లే మొదటి పాఠం. సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన పుస్తకం పట్టుకుని ఫలానా పేజీలో మలుపు రావాలని పద్నాలుగేళ్లవాడికి నూరిపొయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ కొలతలు తర్వాత నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోయినా కొంప మునగదు.

రాయించేటప్పుడు ఒకే ఒక నిబంధన పెట్టండి: బాధపడ్డాడు, సంతోషించాడు, కోపం వచ్చింది అన్న మాటలు నిషేధం. మామిడికాయల కాలంలో జ్యూస్ ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరస ఉంటుంది. తోతాపురి లోడు మీద గోనెపట్ట కప్పుకుని తండ్రి పడుకున్నాడు. కొడుకు క్యారియర్ తెచ్చాడు. తండ్రి లేచి మొదట చూసేది క్యారియర్‌నా, ముందు ట్రాక్టరు కదిలిందా అనా? ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ అక్కడే పెడతాడా? బాధ అన్న మాట రాకుండా ఆ అరపేజీ రాసిన పిల్ల, ఆ తర్వాత గురజాడ కథ చదివే తీరే మారుతుంది.

మాటల దగ్గర మాత్రం మనం వెనక్కి తగ్గాలి. "యాడికి పోతా ఉండావు నాయనా" అని ఇంట్లో వినే పిల్ల కాగితం మీద "ఎక్కడికి వెళ్తున్నావు కుమారా" అని రాస్తే, ఆ ఎర్రసిరా పాపం మనదే. నామిని మన ఇంటి మాటలోనే రాసిన 'మిట్టూరోడి కతలు' వచ్చాక కూడా ఈ సంగతి చెప్పాల్సి రావడం ఏం బాగాలేదు. పుత్తూరు, నగరి పక్క ఇళ్లలో అవ్వ అరవంలో అడిగితే మనవరాలు తెలుగులో బదులిస్తుంది. అట్లాగే రాయనివ్వండి. 2021లో వచ్చిన 'సినిమా బండి'లో ఆటో నడిపేవాడికి కెమెరా దొరికితే ఊరు ఊరంతా సినిమా తీస్తుంది. దాన్ని నిర్మించిన రాజ్, డీకే ఇద్దరూ మన తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లే. ఆ సినిమాలో నవ్వు పుట్టేదీ, మనసు కరిగేదీ పల్లె మాట దగ్గరే.

కెమెరా మొదటి ఏడాది వద్దంటాను. సెల్‌ఫోను చేతికొస్తే రాత ఆగిపోతుంది, రీలు మొదలవుతుంది. ముందు కాగితం, ఆ తర్వాత తరగతి ముందర నిలబడి చదవడం.

మార్కుల సంగతి మధ్యాహ్నం చర్చలో తేల్చుకుందాం. నా ప్రతిపాదన ఒక్కటే. ఒక పిల్ల రాసిన సీనును ఆమెను ఏమీ అడగకుండా వేరే ఇద్దరు ఆడి చూపించగలిగితే పూర్తి మార్కులు వేయండి. ఆడుతూ ఆడుతూ ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గీసి, తిరగరాయమని వెనక్కివ్వండి. దీనికి అభ్యంతరాలుంటే మొదటి పత్రం చదివేవాళ్లు అక్కడినుంచే అందుకోవచ్చు.