పిలిచింది ఎవరు?



ఈ పద్మనాభంలోనే 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు. కంపెనీకి కట్టాల్సిన పేష్కషు (కప్పం) బాకీ దగ్గర ముదిరిన తగువు అది. పదకొండేళ్ల తర్వాత, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజిస్ విశాఖపట్నంలో దిగారు. రాజుని చంపించిన దొరలూ సువార్త చెప్పే దొరలూ జనం కంటికి ఒక్కటే. వాళ్లను నమ్మకపోవడంలో జనం తప్పేమీ లేదు. మన సభల్లో ఈ మాట ఎందుకో దాటవేస్తాం.

నిజానికి కంపెనీకి కూడా ఈ మిషనరీలంటే పెద్దగా గిట్టేది కాదు. 1806లో వేలూరు సిపాయిలు తిరగబడ్డాక ఆ అనుమానం ఇంకా ముదిరింది. 1813 చార్టరు చట్టం దారి తెరిచేదాకా మిషనరీల బతుకు అధికారుల దయ మీదే నడిచింది. అటు జనమూ ఇటు సర్కారూ నమ్మని చోట వాళ్లు చేయగలిగింది కూర్చుని తెలుగు నేర్చుకోవడం. క్రాన్ 1809లో పోయాడు, మరుసటేడు డెగ్రాంజిస్. వాళ్ల పని మాత్రం ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం ఆనందరాయరు. తరంగంబాడి లూథరన్ల దగ్గర బాప్తిస్మం పొంది విశాఖపట్నం చేరిన బ్రాహ్మణుడు. డెగ్రాంజిస్ పక్కన కూర్చుని సువార్తలను తెలుగులోకి తెచ్చినవాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో సిరాంపూరులో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు దొరలూ లేరు. మన సంఘ చరిత్రల్లో దొరలకు అధ్యాయాలుంటాయి, ఆయనకు ఒక వాక్యం.

తామస్ గాబ్రియేలుదీ అదే గతి. టెలిగ్రాఫు ఆఫీసులో జీతం రాళ్లు వచ్చే ఉద్యోగం వదిలి, కాకినాడలో సొంతంగా సువార్త పని మొదలుపెట్టి, అప్పులపాలయ్యాడు. చేతిలో డబ్బు ఆడక కెనడా బాప్టిస్టులను రమ్మన్నది ఆయనే. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడ వచ్చి ఆ పని అందుకున్నాడు. మరుసటేడు మొదట్లోనే గాబ్రియేలు కన్నుమూశాడు. సయాంలో పని సాగని మరో కెనడా జట్టు 1875లో ఇటు మళ్లింది. మన పక్కనున్న భీమిలి, అవతల బొబ్బిలి మిషన్లు అలా పుట్టినవే. పిలుపు సముద్రం దాటి వచ్చిందని పిల్లలకు సండే స్కూల్లో చెబుతాం. ఇక్కడ పిలిచినవాడు తెలుగువాడు, పలికినవాళ్లు కెనడావాళ్లు.

ఇప్పుడు కూడా విదేశీ ప్రసంగీకుడు వస్తున్నాడంటే ఊరంతా ఫ్లెక్సీలు కడతాం. లోకం కల్లోలంగా ఉందని ప్రార్థన చేయడానికి మనకు ఉక్రెయిన్, గాజా గుర్తొస్తాయి. గుర్తు రావాలి కూడా. కానీ పాడేరు కొండల్లో రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణిని డోలీ కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, వాగులు దాటి మోసుకొస్తున్నారు. ఆవిడ బాధ చెప్పుకునేది కువి భాషలో. ఆసుపత్రిలో ఆ మాట తెలిసిన నర్సు ఉండాలిగా. అక్కడికి వెళ్లేవాళ్లు ముందు మతం మాట ఎత్తకుండా మనిషిని పట్టించుకోవాలి. కష్టంలో ఉన్నవాడి అవసరాన్ని ఎర చేసుకుంటే అది సేవ కాదు, బేరం.

ఈ ఉపన్యాసం పెట్టించే స్మారక నిధి పెద్దలకు ఒక మనవి. ఏటా ఆ నిధి వడ్డీతో ఉపన్యాసం పెట్టి, పుస్తకం వేస్తున్నారు. వచ్చే ఏడు ఆ డబ్బుతో మన సంఘంలో నర్సింగు చదివిన ఒక పిల్లను కొండ మీదికి పంపి, ఆరు నెలలు కువి నేర్చుకోనివ్వండి. ఒక ఏడు ఉపన్యాసం లేకపోతే ఎవరికీ నష్టం లేదు.